నువ్వుగింజంత వెనక్కి

హలో… ఆ, నేనే. తాళాలాయన్నే. చెప్పండి, ఏం పోయింది? తాళమా, చెవా?

ఏమీ పోలేదా. మరి…

ఇంట్లో ఉన్నానా? లేనండీ, కొట్లో ఉన్నాను. ఈ వేళప్పుడు కొట్లోనే ఉంటాను… ఆఁ? ఎంతసేపట్లో ఇంటికి వెళ్ళగలనా?

ఒక్క నిమిషం. ఎవరు మాట్లాడేది?

కాదు కాదు, ముందు అది చెప్పండి. ఇంట్లో ఉన్నారా, ఎంతసేపట్లో వెళ్తారు — ఈ రెండు ప్రశ్నలూ ఎవరు అడుగుతారో నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తాళాలతోనే బతుకుతున్నాను. తలుపు తీయమని ఎవరు వచ్చినా, ఆ ఇల్లు వాళ్ళదేనని రుజువు చూపించందే ఆకురాయి ముట్టుకోను నేను.

నవ్వకండి… నవ్వలేదా. సరే.

సంఘం నుంచా? ఏ సంఘం… ఆ, మంచాన పడ్డ పెద్దవాళ్ళకి సాయం చేస్తారు, అదేనా. ఉంది, తెలుసు. కానీ అక్కడినుంచి చేస్తున్నానని ఎవరైనా అనొచ్చు. పోయిన వారం ఒకాయన బ్యాంకు నుంచి అన్నాడు. అంతకుముందు ఒకావిడ, నాకు లాటరీలో బహుమతి వచ్చిందంది. నేను లాటరీ చీటీ మొహమే చూళ్ళేదమ్మా అంటే టక్కున పెట్టేసింది.

ఎవరి గురించి?… మా అక్క గురించా?

మా అక్క ఎందుకొచ్చింది ఇందులోకి? నా నంబరంటే బోర్డు మీద ఉంది, దారినపోయే ప్రతివాడికీ కనపడుతుంది. మా అక్క బోర్డు మీద లేదే. నాలుగేళ్ళుగా మంచంలో ఉంది. ఆవిడ సంగతి మీకెవరు చెప్పారు?

… పేరు చెప్పొద్దన్నారా. బాగుంది. మంచి చేసేవాళ్ళకి పేరు దాచుకునే పనేంటమ్మా?

ఆఁ… ఇప్పుడే?… కొట్టు కట్టేసి, ఉన్నపళంగా?

ఓహో. నేను ఇంటికి పరిగెత్తుతాను, మీవాళ్ళు వచ్చి కొట్టు ఊడ్చుకుపోతారు. రమ్మనండి. ఇక్కడ ఓ బల్లా, నాలుగు ఆకురాళ్ళూ, డబ్బాడు తుప్పు తాళాలూ ఉన్నాయి. మోసుకెళ్ళడానికి కూలీ కూడా గిట్టదు.

— వింటున్నాను. కోప్పడటంలేదు, ఇది నా మామూలు గొంతే.

సరే, ఒక పని చేద్దాం. మీరు నిజంగా ఆ సంఘం మనిషైతే చెప్పండి. మా ఇంటికి మీ సంఘం ఏం ఇచ్చింది?

… గాలి పరుపు. ఏ రంగు?… నీలం. ఎప్పుడు?… వర్షాల్లో. అవును. ఎవరెవరు వచ్చారు?… బట్టతలాయన, ఇంకో ఇద్దరు, ఫొటోలు తీసే ఆయన. సరే. నమ్ముతున్నాను, సగం.

ఆ ఫొటో చూశాను నేను. మీ బ్యానరు ఈ చివరినుంచి ఆ చివరికి పడింది. మా అక్క మోచెయ్యి పడింది.

లేదు, పరుపుకి వంక పెట్టను. పెడితే కళ్ళు పోతాయి. అది ఉండబట్టే ఇన్నాళ్ళూ వీపు మీద పుండు పడలేదు. ఇప్పుడు మొదలైంది, అది వేరే సంగతి… ఎందుకా? ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పేవాళ్ళు లేక. పరుపు దానంతటది తిప్పదు కదా మనిషిని.

ఉండేదమ్మా మనిషి. ఎందుకు లేదు. సంక్షేమ ఆఫీసువాళ్ళు పంపించేవాళ్ళు, ఆయమ్మని. పొద్దున తొమ్మిదికి వచ్చి నాలుగింటిదాకా ఉండేది. ఒళ్ళు తుడవడం, తినిపించడం, తిప్పడం, అన్నీ. మూడేళ్ళు వచ్చింది. పంతొమ్మిది రోజుల కిందట కాయితం ఒకటి వచ్చింది, రేపట్నుంచి రాదు అని. కారణం దగ్గర మూడే మాటలు రాశారు. 'కుటుంబ పోషణ ఉన్నది'.

పోయాను. పోకుండా ఉంటానా. కిటికీలో ఆయన అంటాడు, మీరే రాసిచ్చారుగా అని. నేనేం రాసిచ్చానయ్యా అంటే, వివరాలు పైన ఉన్నాయన్నాడు. పైన అంటే ఎక్కడో చెప్పడు. పైన ఫ్యాను ఉంది.

ఇరవై రోజుల్లోపు అభ్యంతరం పెట్టుకోవాలట. రేపటికి ఇరవై. రేపు సెలవు. అంటే ఇవాళ ఐదింటికి ఆ కిటికీ మూసేస్తే అంతే సంగతులు. మళ్ళీ మొదట్నుంచి దరఖాస్తు, పరీక్షలు, వరస… రెండేళ్ళు పడుతుందంటున్నారు. రెండేళ్ళు ఉంటుందా మా అక్క, ఆ పుండుతో? పెడదామంటే దేనిమీద పెట్టను అభ్యంతరం? ఏం రాశారో, ఎవరు రాశారో తెలియాలిగా.

… మీకు తెలుసా?

మీకెలా తెలుసు?

ఏమిటీ… మళ్ళీ చెప్పండి. ఏం తీసుకున్నారు?

దత్తతా.

మా అక్కనా.

అమ్మా, మా అక్కకి అరవై రెండు. నన్ను పెంచి పెద్దచేసిన మనిషి. ఈ వయసులో ఆవిడ ఎవరింటికి దత్తత పోయిందంటారు?… అలా కాదా. ఆఁ, ఊళ్ళని దత్తత తీసుకుంటారు, బళ్ళని తీసుకుంటారు. పార్కులో వేపచెట్టుకి కూడా చూశాను, ఫలానా వారి దత్తత అని రేకుముక్క కొట్టారు. అలాంటిదా ఇదీ. మరి దత్తత తీసుకున్న తల్లిదండ్రులు ఒక్కపూటైనా వచ్చి పిల్లకి మొహం కడిగారా?

— నేనా? నేను సంతకం పెట్టానా?

పెట్టాను. పరుపు అందినట్టు పెట్టాను. బట్టతలాయన కలం చేతికిచ్చి ఇక్కడా ఇక్కడా అన్నాడు, పెట్టాను… ఏం రాసుందో చదవండి. ఒక్క అక్షరం వదలకుండా చదవండి.

… 'పై వ్యక్తి పోషణ బాధ్యతను సంఘము దత్తత ప్రాతిపదికన స్వీకరించుటకు… కుటుంబ సభ్యునిగా… సమ్మతించుచున్నాను.'

సమ్మతించుచున్నాను. నేనా. జన్మలో ఎప్పుడైనా అలా మాట్లాడానా నేను?

… ఊఁ.

… ఊఁ. ఆ జాబితా మీరు ఆఫీసుకి పంపించారు, మేం ఇంతమందిని చూసుకుంటున్నాం అని గొప్పగా. అక్కడ కంప్యూటర్లో దత్తతకి ఒకటే గడి ఉంది. అందులో టిక్కు పెట్టగానే మా అక్కకి కొత్త కుటుంబం దొరికింది. అంతేనా? ఒక్క మాట అమ్మా. ఒక్క మాటకి ఆవిడ వీపు చీము పట్టింది.

తప్పు నాదే, చదవకుండా పెట్టాను. సగం నాది. సగం మీది. సగం ఆ గడి పెట్టినవాళ్ళది… మూడు సగాలయ్యాయా, కానివ్వండి. ఇక్కడ తప్పుకి కొరతేం లేదు.

ఏంటి… శనివారం శనివారం?

శనివారం మనిషిని పంపిస్తే మిగతా ఆరు రోజులూ? మా అక్క వారం చూసుకుని పక్క తడపదమ్మా.

వద్దు. మీది మంచి మనసే, కాదనను. మనసు బాగున్న రోజు వస్తారు. సభ ఉన్న రోజు రారు. రాలేదేమని అడగడానికి నాకు నోరుండదు, ఊరికే ఇచ్చినదానికి ఎవరు నిలదీస్తారు? ఆఫీసు మనిషి తొమ్మిదింటికి రాకపోతే, తొమ్మిదింపావుకి కిటికీ దగ్గర నిలబడి గట్టిగా అడుగుతాను. నాక్కావలసింది ఆ అడగడం. మీకు దండం పెట్టి తీసుకునేది పరుపైతే సరే. మనిషైతే వద్దు.

— ఆ, అది కూడా అన్నారు. కిటికీలో ఆయనే అన్నాడు, సొంత తమ్ముడివి, ఆ మాత్రం చూసుకోలేవా, అన్నీ ప్రభుత్వమే చేయాలా అని. చూసుకోక ఏం చేస్తున్నానయ్యా? చీకటితో లేచి ఒళ్ళు కడుగుతాను, జావ పోస్తాను, బట్టలు ఉతుకుతాను. సాయంత్రం మళ్ళీ మొదలు. మధ్యలో కొట్టు. కొట్టు మూసుకుని కూర్చుంటే జావ ఎక్కడినుంచి వస్తుంది?… మీరనలేదు. తెలుసు. మీరు ఫోన్లో దొరికారు, ఆయన కిటికీ వెనకాల ఉన్నాడు.

ఈ పంతొమ్మిది రోజులా?… ఏం చేస్తాను.

తాళం వేసి వస్తున్నాను.

… బయటినుంచే. లోపలినుంచి వేసుకోవడానికి ఆవిడ లేవలేదుగా.

మధ్యాహ్నం ఒకసారి పోయి చూసి వస్తాను, పని ఒత్తిడి లేకపోతే. ఇవాళ పోలేదు… ఊరందరి తలుపులూ తీసేవాడు, కన్నతల్లిలాంటి దాన్ని లోపల పెట్టి తాళం వేసుకొస్తున్నాడు. నాకు తెలియదా అదెలా ఉంటుందో. రోజూ చెవి తిప్పేటప్పుడు మంచంలోంచి నా వైపే చూస్తుంది.

— దాని సంగతి వదిలేయండి. ఆయమ్మ సంగతి ఎత్తకండి నా దగ్గర.

ఎందుకంటే, ఆవిడ మీద నాకు అనుమానం ఉంది కాబట్టి. ఇదంతా మొదలవక ముందునుంచీ, దగ్గర్లో వేరే ఇల్లు దొరికితే బాగుండు, బస్సు తప్పుతుంది అంటుండేది. అక్కడ వేయించుకోవడానికి ఆవిడే ఏదో చెప్పి ఆపించిందనుకున్నాను… ఇప్పుడు తెలిసింది, కాదని. కానీ ఇంకోటి ఉంది.

మాన్పించాక ఒక వారం, నేను ఇంటికి వెళ్ళేసరికి ఎవరో వచ్చిపోయిన గుర్తులు. దుప్పటి మార్చి ఉంది. అక్కకి జడ వేసి ఉంది. మంచం పక్కన గ్లాసు బోర్లించి ఉంది. ఎవరొచ్చారే అంటే అక్క నవ్వుతుంది, మాట రాదుగా. ఆయమ్మ దగ్గర ఒక తాళం చెవి ఉండిపోయింది, నేనే ఇచ్చాను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయిందే నా పని అనుకున్నాను. మా ఇంట్లో ఉద్యోగం లేదు, జీతం లేదు, మనుషులు లేని వేళ ఒకరింట్లో దూరడమెందుకు? ఏదో కాజేయడానికేగా.

… ఏముందా? ఏం లేదు. అక్క చెవులకి రవ్వంత బంగారం ఉంది. తడిమి చూశాను, ఉంది. అయినా మర్నాడే తాళం మార్చేశాను.

ఏంటమ్మా… ఇందాకట్నుంచీ ఏదో చెప్పబోతున్నారు. నేను మాట పడనివ్వడం లేదు. చెప్పండి. ఇక అడ్డు రాను.

…

మీ ఆఫీసుకా?

ఎప్పుడు… నిన్న. కేకలేసిందా? ఆయమ్మా? ఆవిడకి గట్టిగా దగ్గడం కూడా రాదే.

… 'దత్తత తీసుకున్నారట, పదండి, వచ్చి మీ బిడ్డ పక్క మార్చండి' అందా. మీ అందరి ముందూ.

నంబరిచ్చింది ఆవిడేనా.

… తన పేరు చెప్తే నేను ఫోన్ పెట్టేస్తానందా. నిజమే. పెట్టేసేవాణ్ణే.

నేను తాళం మార్చేదాకా రోజూ వచ్చేదా… మధ్యాహ్నం, ఇప్పుడు తనని వేసిన కొత్త ఇంటివాళ్ళు తిండికి వదిలిన గంటలో. తిండి మానుకుని.

ఊఁ.

ఊఁ. వింటున్నాను. చెప్పండి.

కాయితం రాశారా? ఏమని… 'దత్తత అన్నమాట మేం పొరపాటుగా వాడితిమి, ఈమె పోషణ మాది కాదు, కొట్టివేయవలెను'. ముద్ర కూడా వేశారా? అభ్యంతరంగా పెట్టడానికి కింద మావాళ్ళ సంతకం ఒక్కటి చాలా? మీ బట్టతలాయనకి తెలుసా?… తెలియదా. ఆదివారం సభలో నూరుమందిని దత్తత తీసుకున్నామని చెప్పుకోవాలిగా ఆయన. ఒకరు తగ్గితే తొంభైతొమ్మిది… ఏమన్నా మీరు పడతారా. ఎందుకమ్మా, ఉద్యోగం జాగ్రత్త.

మిమ్మల్ని ఇందాక దొంగల్లో కలిపాను. మనసులో పెట్టుకోకండి.

ఎక్కడుంది ఆ కాయితం? ఇప్పుడే వస్తాను… ఆయమ్మ దగ్గరా? ఆయమ్మ ఎక్కడ?

… మా గుమ్మం ముందా.

రెండింటినుంచీ.

తాళం చెవి తిరగడం లేదా… తిరగదు. నేనే కదా మార్చింది.

ఇప్పుడెంత? మూడు ముప్పావు. ఇక్కడినుంచి బస్సులో పోయేసరికి నాలుగున్నర. అక్కడ సంతకం పెట్టి, మళ్ళీ ఆఫీసంటే ఊరికి ఆ చివర… ఐదు దాటిపోతుంది. ఫోన్ ఎత్తగానే ఇంటికి పొమ్మన్నారు మీరు. నేను మీకు పరుపు రంగు అడుగుతూ కూర్చున్నాను.

— ఏంటి? లైన్లోనా? ఎప్పట్నుంచి?

మొదట్నుంచీ.

ముగ్గురం కలిసి మాట్లాడుకుందామని కలిపారా. అంటే… తాళం సంగతీ, కాజేయడం సంగతీ, అన్నీ…

ఆయమ్మా.

ఆయమ్మా, ఉన్నావా… ఉన్నావు.

మా అక్క నోరు పడిపోయింది. పడిపోవలసింది నాది. సిగ్గుగా ఉంది నాకు… సరే. సరే, తర్వాత తిట్టు. నువ్వన్నదే నిజం, ముందు తలుపు.

నీ పాత చెవి చేతిలోనే ఉందా? విను. నేను కొత్త తాళం వేయలేదు. అదే తాళం, లోపల ఒక్క పిన్ను అరగదీశానంతే. సొంతింటి పని ఏ పనివాడు సరిగ్గా చేశాడు. ఆ చెవితోనే వస్తుంది. ఈ కిటుకు ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా… మేడమ్, మీరు చెవులు మూసుకోండి.

చెవి పూర్తిగా లోపలికి పెట్టు. ఆనిందా? ఇప్పుడు వెనక్కి లాగు. అంత కాదు, మళ్ళీ పెట్టు. నువ్వుగింజంత… నువ్వుగింజంటే నువ్వుగింజే, పెసరగింజ కాదు. ఆఁ. అక్కడ ఆపి, కాస్త పైకి ఎత్తిపట్టి, తిప్పు.

… తిరగలేదా. కంగారు పడకు. గట్టిగా తిప్పితే విరుగుతుంది. అక్కని తిప్పుతావు చూడు, భుజం కింద చెయ్యి వేసి, తొందర లేకుండా… అలాగ.

…

వినపడింది. నాకు ఇక్కడికి వినపడింది.

మెలకువగానే ఉందా? ఏమంటోంది… నవ్వుతోందా. నేనడిగిన రోజు కూడా అలాగే నవ్వింది. చెప్పానుగా అన్నట్టు. నాకే తలకెక్కలేదు.

పక్క తర్వాత మారుద్దువుగాని… సరే, మార్చు, తడి మీద ఎందుకు. రెండు నిమిషాలు. మేడమ్, ఆ కాయితం మీద నా సంతకమే ఉండాలా?… అక్కదైనా చెల్లుతుందా? వేలిముద్రైనా? అయితే నాకోసం ఆగడమెందుకు. ఆయమ్మా, అక్క చేత వేయించు. ఎడమ చెయ్యి, కుడిది రాదు.

ఆగు. వేయించకు.

ముందు చదువు. పైకి, ఆవిడకి వినపడేలా. పోయినసారి ఆవిడ సంగతి ఆవిడతో ఒక్క మాట చెప్పకుండా నేను సంతకం పెట్టేశాను. మంచంలో ఉన్నంతమాత్రాన చెవులు లేకుండా పోయాయా. చదువు, నేనూ వింటాను.

… ఊఁ.

… ఊఁ. ఇంకొంచెం మెల్లిగా.

… అయిందా. అర్థమైందా అక్కా? నేనే. నీ తమ్ముణ్ణే… ఏమంటోంది ఆయమ్మా? పరుపు తట్టి చూపిస్తోందా?

మేడమ్, దత్తత కొట్టేస్తే పరుపు వెనక్కి తీసుకుపోతారా అని అడుగుతోంది… తీసుకుపోరుగా? మాట తప్పరుగా? కాయితం మీద రాసివ్వమంటే ఇస్తారుగా?

తీసుకుపోరట అక్కా. పరుపు నీదే.

… వేసిందా.

ఇక నువ్వు నడువు, ఆయమ్మా. పక్క వీధిలో ఆటో దొరుకుతుంది. కిటికీలో ఆయన రేపు రమ్మంటాడు, కదలకు. కాయితం తీసుకున్నట్టు ముద్రేసి నకలు ఇమ్మను. ఇవ్వను, అవసరం లేదు అంటాడు, నమ్మకు. ఎవర్నీ నమ్మకు నువ్వు… అవునవును, నేనే చెప్పాలి. నవ్వు, పరవాలేదు.

మేడమ్, ఉన్నారా? ఆదివారం తర్వాత మీ ఉద్యోగం ఎలా ఉందో ఒకసారి ఫోన్ చేసి చెప్పండి. నా నంబరు మీ దగ్గర ఉందిగా. ఎవరిచ్చారని అడగను.

— ఏంటి ఆయమ్మా? ఇంకా గుమ్మంలోనే ఉన్నావా?

తాళమా…

వద్దు. దగ్గరగా వేసి వెళ్ళు, చాలు. పక్కింటావిడకి ఒక చూపు చూడమని చెప్పు. నేను బయల్దేరిపోయాను… ఆ చప్పుడా? కొట్టుకి వేస్తున్నాను తాళం. ఇంటికి కాదు.

ఉంటాను మరి. బస్సు వస్తోంది.